ట్రాక్ ప్యాంట్, టీషర్ట్‌లో గన్ పెట్టుకోవడం: టెక్సాస్ తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల వీకెండ్ క్రికెట్ ఆడేవాళ్ళు, గ్యాస్ స్టేషన్ నడుపుతూ అర్ధరాత్రి కౌంటర్ మూసేవాళ్ళు, తెల్లవారకముందే వాకింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళు కొన్నేళ్ళుగా నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. జీన్స్, బెల్ట్ వేసుకున్న రోజు ఎవరికీ సందేహం రాదు. షార్ట్స్, ట్రాక్ ప్యాంట్, లెగ్గింగ్స్ వేసుకున్న రోజే కష్టమంతా.

సౌకర్యం గురించి ఇంత పొడుగ్గా రాయడానికి ఒక కారణం ఉంది. గుచ్చుకునే గన్ మీదికి చెయ్యి మాటిమాటికీ పోతుంది. కాసేపటికి దాన్ని సర్దుతాం, ఇంకాసేపటికి తీసి ఎక్కడో పెడతాం. ప్రమాదాలు ఎక్కువగా ఆ సర్దడంలో, ఆ తీసి పెట్టడంలోనే జరుగుతాయి. పొద్దున పెట్టుకున్న గన్‌ని రాత్రి దాకా ముట్టుకోవలసిన అవసరం రాకపోతే, దాన్నే నేను సౌకర్యం అంటాను.

ఇక్కడ చెప్పిన చట్టం టెక్సాస్‌ది. నేను లాయర్‌ని కాను. మీ కేసు ఏ కొంచెం చిక్కుగా ఉన్నా లాయర్‌ని అడగండి.

## కొనే ముందు

నేను హెచ్-1బి మీద ఉన్నాను. టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదంటున్నారు కదా, నేను కూడా పెట్టుకోవచ్చా?

వద్దు. టెక్సాస్‌లో లైసెన్స్ లేకుండా గన్ పెట్టుకోవచ్చన్న మాట నిజమే, కానీ అది గన్ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళకే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్ర చట్టం దాన్ని తప్పించలేదు. శిక్ష 15 ఏళ్ళ జైలు దాకా ఉంటుంది, ఇమిగ్రేషన్ సంగతి సరేసరి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే స్నేహితుడు చెప్పాడని వాటి మీద ఆధారపడకండి. ఇమిగ్రేషన్, గన్ చట్టం రెండూ తెలిసిన లాయర్ కాగితం మీద రాసిస్తేనే ముందుకెళ్ళండి. పదేళ్ళు ఓపిక పట్టి గ్రీన్‌కార్డ్ క్యూలో నిలబడినవాళ్ళు ఒక్క ఫొటో సరదా కోసం అంతా పోగొట్టుకోవడం నేను తట్టుకోలేను. షూటింగ్ రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) స్నేహితుడి గన్ ఒకసారి పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే రావచ్చు.

గ్రీన్‌కార్డ్ వచ్చింది. లైసెన్స్ లేకపోయినా తప్పు కాదుగా, మళ్ళీ క్లాస్ ఎందుకు?

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, అర్హత ఉన్నవాళ్ళకి లైసెన్స్ తప్పనిసరి కాదు. అయినా లైసెన్స్ టు క్యారీ, అంటే గన్ వెంట పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్, తీసుకోమనే చెబుతాను, ముఖ్యంగా వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళకి. స్కూల్‌కి 1000 అడుగుల లోపు ఉన్న పబ్లిక్ రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద గన్‌తో ఉండటాన్ని ఒక ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ స్కూల్ ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. మనం ఉండే ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ లాంటి ఊళ్ళలో ఏ వీధిలో నడిచినా ఏదో ఒక స్కూల్ దగ్గరలో తగులుతుంది. క్లాస్ నాలుగు నుంచి ఆరు గంటలు, ఆపైన రాతపరీక్ష, షూటింగ్ పరీక్ష ఉంటాయి. కొన్ని ఇతర రాష్ట్రాలు కూడా ఈ లైసెన్స్‌ని గుర్తిస్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ గుర్తించవు. న్యూజెర్సీలో అన్నయ్య ఇంటికి కారులో వెళ్ళేటప్పుడు ఇది మరచిపోకండి.

అన్నిటికన్నా చిన్న గన్ కొంటే షార్ట్స్‌లో కూడా దాగుతుందిగా?

దాగుతుంది, కానీ కాల్చడం కష్టమవుతుంది. రూగర్ ఎల్‌సీపీ లాంటిది తూటాలు లేకుండా మూడు వందల గ్రాములు కూడా ఉండదు. జేబులో ఉన్నట్టే తెలియదు. కాల్చినప్పుడు మాత్రం చేతిని గట్టిగా తంతుంది, గురి కుదరదు, దాంతో ప్రాక్టీస్ మానేస్తారు. ప్రాక్టీస్ లేని గన్ మీకూ పక్కవాళ్ళకీ ప్రమాదమే. సిగ్ పీ365, గ్లాక్ 43ఎక్స్ లాంటివి కొంచెం పెద్దవి. ఖాళీగా అర కిలో అటూ ఇటూ తూగుతాయి, చేతికి పట్టు దొరుకుతుంది. మంచి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) ఉంటే టీషర్ట్ కింద ఇవీ దాగుతాయి. కొనే ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని రెండు రకాలూ కాల్చి చూడండి.

## హోల్‌స్టర్ దగ్గర

హోల్‌స్టర్ లేకుండా జేబులోనో నడుంలోనో దోపుకుంటే ఏమవుతుంది?

ట్రిగ్గర్‌కి ఏదైనా తగిలితే పేలుతుంది. జేబులో తాళంచెవి, నడుం దగ్గర చొక్కా అంచు, ట్రాక్ ప్యాంట్ బొందు, ఏదైనా చాలు. ఈ రోజుల్లో వచ్చే చాలా పిస్టళ్ళకి బయట సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టరే వాటికి రక్ష. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, సరిగ్గా మీ మోడల్‌కే చేసింది తీసుకోండి. ఏ గన్‌కైనా సరిపోతుందని అమ్మే మెత్తటి గుడ్డ సంచులు వద్దు. వాటి మీద నుంచి వేలితో నొక్కితే ట్రిగ్గర్ కదులుతుంది. జేబులో పెట్టుకునేవాళ్ళు కూడా జేబు హోల్‌స్టర్ వాడాలి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, ఒక పెన్నీ కూడా.

ట్రాక్ ప్యాంట్‌కి బెల్ట్ ఉండదు. హోల్‌స్టర్ క్లిప్ ఎలాస్టిక్‌కి పెడితే జారిపోతోంది. ఏం చేయాలి?

నన్ను అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. ఎలాస్టిక్ ఉన్నది ప్యాంట్‌ని నిలబెట్టడానికి, అర కిలో ఇనుమును మొయ్యడానికి కాదు. బరువుకి ఒకవైపు సాగుతుంది, పిడి బయటికి వాలుతుంది, నడుస్తుంటే ఊగుతుంది. అవసరానికి గన్ లాగితే హోల్‌స్టర్ కూడా ఊడి చేతిలోకి వస్తుంది. అంటే ట్రిగ్గర్ కప్పి ఉన్న గన్ మీ చేతిలో ఉంటుంది, పనికిరాదు. మొదట్లో నేనూ బొందు గట్టిగా బిగించి సరిపెట్టుకుందామనుకున్నాను. పార్కులో బంతి తీయడానికి వంగితే ప్యాంట్ ఒకవైపు తుంటి దిగిపోయింది. ఆ రోజు ఒక చేత్తో ప్యాంట్ పట్టుకుని కారు దాకా నడిచాను. చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు. ఇప్పుడు గుర్తొచ్చినా నాకు చెమట పడుతుంది.

గన్ బరువుని ప్యాంట్ మీద పడనివ్వకపోవడమే దీనికి పరిష్కారం. ఒంటికి నేరుగా కట్టుకునే సన్నటి బెల్ట్, దానికి బిగించిన హోల్‌స్టర్ ఉన్న ఏర్పాటు దొరుకుతుంది. ఫిలిస్టర్ కంపెనీ ఎనిగ్మా అలాంటిదే. లోపల మొలతాడులా కట్టుకుని పైన ఏ ప్యాంట్ వేసుకున్నా ఒకటే. అమర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, ఓపికగా మరలు తిప్పుకోవాలి. ఒకసారి కుదిరాక షార్ట్స్, పైజమా, లుంగీ దేనికైనా పనికొస్తుంది. ఇంకో దారి బెల్లీ బ్యాండ్, అంటే నడుం చుట్టూ తిరిగే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ. ఇందులో ట్రిగ్గర్ దగ్గర గట్టి ప్లాస్టిక్ డొప్ప ఉన్నదే కొనండి, ఉట్టి గుడ్డది వద్దు. ఇవేవీ వద్దనుకుంటే బెల్ట్ లూపులు ఉన్న స్ట్రెచ్ షార్ట్స్ దొరుకుతాయి, చూడటానికి స్పోర్ట్స్ షార్ట్స్‌లాగే ఉంటాయి. వాటిని నడుం కొలత కన్నా రెండు అంగుళాలు ఎక్కువ తీసుకుని గట్టి బెల్ట్ పెట్టుకోండి.

ఏది కొన్నా బయటికి వెళ్ళే ముందు ఇంట్లో పరీక్షించండి. గన్ ఖాళీ చేసి, మేగజైన్ (తూటాలుండే డబ్బా) తీసి, చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకుని, తూటాలు ఇంకో గదిలో పెట్టండి. తర్వాత గెంతండి, గొంతుకూర్చోండి, మెట్లు పరుగున ఎక్కండి, నేల మీద పడుకుని లేవండి. హోల్‌స్టర్ ఒక అంగుళం కదిలినా అది మీకు సరిపోలేదన్నమాటే.

నాకు పొట్ట ఉంది. ముందు పెట్టుకుంటే కూర్చోలేకపోతున్నాను.

బొడ్డుకి సరిగ్గా కింద కాకుండా కొంచెం కుడికి జరిపి చూడండి, ఎడమచేతి వాటం అయితే ఎడమకి. అక్కడ తొడకీ పొట్టకీ మధ్య చిన్న పల్లం ఉంటుంది. హోల్‌స్టర్ కింది భాగం వెనక మెత్తటి ఫోమ్ ముక్క అతికిస్తే పిడి లోపలికి వాలుతుంది, గొట్టం చివర గుచ్చుకోదు. గొట్టం మరీ పొట్టిగా ఉంటే పిడి బరువుకి బయటికి తిరుగుతుంది. అందుకే పొట్ట ఉన్నవాళ్ళకి కొంచెం పొడుగు హోల్‌స్టరే సుఖం. వినడానికి తిరకాసుగా ఉన్నా వాడి చూస్తే తెలుస్తుంది. అయినా కుదరకపోతే పక్క తుంటి ఎముక వెనక పెట్టుకోండి. రోజంతా కారులో, కౌంటర్ దగ్గర స్టూల్ మీద కూర్చునేవాళ్ళు అక్కడా ఇక్కడా వారం వారం మార్చి చూసుకున్నాకే ఖాయం చేసుకోవాలి.

వెనక నడుం మధ్యలో పెట్టుకుంటే ఎవరికీ కనబడదు కదా?

వెల్లకిలా పడితే గన్ నేరుగా వెన్నెముకకి తగులుతుంది. చొక్కా లేచినా మీకు తెలియదు, వెనక నుంచి ఎవరు లాగినా ఆపలేరు. వద్దు.

ఫ్యానీ ప్యాక్, అదే నడుంకి కట్టుకునే చిన్న బ్యాగ్, మంచిదేనా?

వాకింగ్‌కి, హైకింగ్‌కి బాగానే పనికొస్తుంది, డాలస్ ఎండలో అయితే ఒంటికి గాలి తగులుతుంది. గన్ కోసమే ప్రత్యేకంగా అర ఉండి, అందులో ట్రిగ్గర్ కప్పే హోల్‌స్టర్ బిగించి ఉన్నదే తీసుకోండి. ఫోన్, తాళాలు వేరే అరలో ఉండాలి. దీనితో ఒక చిక్కుంది. బ్యాగ్‌ని మనం బ్యాగ్‌లాగే చూస్తాం, విసుగు పుట్టగానే విప్పి బెంచీ మీద పెట్టేస్తాం. బయట ఉన్నంతసేపూ అది నడుం మీద నుంచి దిగకూడదు. ఆ నమ్మకం మీ మీద మీకు లేకపోతే ఇది మీకు వద్దు.

## బట్టల దగ్గర

టీషర్ట్ మీద గన్ అచ్చు తెలిసిపోతోంది. ఎలా?

ఎక్కువసార్లు తప్పు టీషర్ట్‌ది కాదు, పిడి బయటికి వాలడమే కారణం. హోల్‌స్టర్‌కి చిన్న రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క బిగిస్తే అది బెల్ట్‌ని నొక్కి పిడిని ఒంటికి అదుముతుంది. ఆ తర్వాతే బట్ట సంగతి. పల్చటి తెల్ల పాలిస్టర్ జెర్సీ చెమటకి అతుక్కుంటుంది, అన్నీ కనబడతాయి. ముదురు రంగు, చిన్న చిన్న పూలో గీతలో ఉన్న డిజైన్, కొంచెం మందం నూలు, ఒక సైజు వదులు ఉంటే చాలు. కింద పడ్డ వస్తువు తీసేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచి దిగండి. అద్దం ముందు గంటసేపు తిరగక్కర్లేదు, అంత పట్టుకుని ఎవరూ మిమ్మల్ని చూడరు. మాటిమాటికీ చొక్కా కిందికి లాక్కునే మీ చెయ్యే అందరికీ చెప్పేస్తుంది.

నేను లెగ్గింగ్స్, కుర్తీ వేసుకుంటాను. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోనా?

హ్యాండ్‌బ్యాగ్ నాకు ఇష్టం లేదు. అమ్మ బ్యాగ్‌లో చాక్లెట్ ఉంటుందని ప్రతి పిల్లకీ తెలుసు. షాపింగ్ కార్ట్‌లో వదిలేస్తాం, కుర్చీకి తగిలిస్తాం, దొంగ మొదట లాగేదీ దాన్నే. కుర్తీ మాత్రం దీనికి చక్కటి బట్ట. పొడుగ్గా వదులుగా ఉంటుంది, కింద ఒంటికి కట్టుకున్న బెల్ట్ హోల్‌స్టర్ అసలు తెలియదు. అయితే పొడుగు కుర్తీని పైకి లాగి గన్ అందుకోవడానికి టీషర్ట్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఖాళీ గన్‌తో ఇంట్లో సాధన చేయండి, లేదా పక్క చీలిక నడుం దాకా ఉన్న కుర్తీలు ఎంచుకోండి. చున్నీ హోల్‌స్టర్ వైపు రాకుండా చూసుకోవాలి. గన్ లోపల పెట్టేటప్పుడు చున్నీ కొస ట్రిగ్గర్ గార్డులోకి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రంలోకి) దూరితే ప్రమాదం.

ఎండాకాలం చెమటకి చర్మం ఒరుసుకుపోతోంది. గన్ తుప్పు పడుతుందా?

పడుతుంది, ముఖ్యంగా మరలకీ, గురి చూసే సైట్లకీ. చర్మానికీ హోల్‌స్టర్‌కీ మధ్య పల్చటి నూలు బనియన్ ఉండాలి, లోపలికి దోపుకోవాలి. ఇంటికొచ్చాక ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి నూనె గుడ్డ రాయండి. హోల్‌స్టర్‌ని గన్ తీసేసి సబ్బునీళ్ళతో కడగొచ్చు.

చాంబర్‌లో తూటా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా?

శిక్షకులు ఎక్కువమంది ఉంచమంటారు, ఆపద వచ్చినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండవు కాబట్టి. నేను మాత్రం కొత్తవాళ్ళని తొందరపెట్టను. మొదటి నెల చాంబర్ ఖాళీగా, స్ట్రైకర్ (తూటాని కొట్టి పేల్చే లోపలి భాగం) బిగించి, రోజంతా పెట్టుకుని తిరగండి. రాత్రి చూసుకుంటే ట్రిగ్గర్ ఒక్కసారి కూడా నొక్కుకోలేదని తేలాలి. మీ హోల్‌స్టర్ మీద నమ్మకం అలా కుదురుతుంది. నమ్మకం కుదరకపోతే మార్చవలసింది హోల్‌స్టర్‌ని.

## బయట తిరిగేటప్పుడు

జిమ్‌కీ, క్రికెట్‌కీ పెట్టుకుని వెళ్ళొచ్చా?

నడకకీ మెల్లగా పరుగుకీ ఒంటికి కట్టుకునే ఏర్పాటు సరిపోతుంది. క్రికెట్‌కి వద్దు. బౌలింగ్ చేస్తూ, డైవ్ కొడుతూ, వికెట్ పడితే ఒకరి మీద ఒకరు పడుతూ గన్‌ని కాపాడలేం. కిట్ బ్యాగ్‌లో పెట్టి మైదానంలోకి దిగడం ఇంకా ఘోరం. జిమ్‌లో బరువులెత్తేటప్పుడూ అంతే, లాకర్ తాళాన్ని నమ్మకండి. తలుపు దగ్గర 30.05, 30.06, 30.07 అంకెలున్న బోర్డులు చూడండి, అవి గన్‌తో లోపలికి రావద్దని చెప్పేవి. 30.05 లైసెన్స్ లేనివాళ్ళకి, 30.06 లైసెన్స్ ఉండి దాచి పెట్టుకున్నవాళ్ళకి, 30.07 లైసెన్స్ ఉండి బయటికి కనబడేలా పెట్టుకున్నవాళ్ళకి. ఆడే రోజు గన్‌ని ఇంట్లోనే ఉంచండి.

శనివారం పిల్లల్ని మనబడికి తీసుకెళ్తాను, ఉగాది ఫంక్షన్ కూడా ఉంది. గుడికీ వెళ్తాం. ఎలా?

ముందు చూడవలసింది భవనం ఎవరిదన్నది. మన తెలుగు క్లాసులు, ఉగాది, బతుకమ్మ కార్యక్రమాలు చాలాసార్లు స్కూల్ భవనాలు అద్దెకు తీసుకుని చేస్తారు. లైసెన్స్ ఉన్నా సరే, స్కూల్ భవనంలోకి గన్ తీసుకెళ్ళడం టెక్సాస్‌లో నేరం. ఆదివారమైనా, స్కూల్ సెలవైనా తేడా లేదు. గుడి విషయంలో బోర్డు గానీ మాట గానీ వద్దని చెప్పకపోతే చట్టం అడ్డుకోదు. నేను తీసుకెళ్ళను. బాసింపట్టు వేసుకుని వ్రతంలో రెండు గంటలు కూర్చుంటే ముందున్న గన్ గజ్జలో దిగుతుంది, సర్దుకోవాలనిపిస్తుంది. ఒళ్ళోకి ఎవరి పిల్లాడైనా వచ్చి కూర్చుంటాడు. సాష్టాంగం చేస్తే చొక్కా లేస్తుంది. అన్నిటికన్నా, దేవుడి ముందు నా మనసు నడుం మీద ఉండకూడదు.

రెస్ట్‌రూమ్‌లో గన్ ఏం చేయాలి?

హోల్‌స్టర్‌లో నుంచి తీయకండి, ఇంతే. హుక్‌కి తగిలించినా, టిష్యూ డబ్బా మీద పెట్టినా మరచిపోతారు. మీ వెనక లోపలికి వచ్చేది ఎనిమిదేళ్ళ పిల్లాడు కావచ్చు. ఒంటికి కట్టుకునే రకం అయితే ప్యాంట్ దించినా గన్ కదలదు. బెల్ట్ రకం అయితే బెల్ట్‌ని మోకాళ్ళ దగ్గర మళ్ళీ బిగించి, ప్యాంట్ మడతలో కప్పి ఉంచండి. బరువుకి నేల మీద పడకుండా ఉంటుంది.

గన్ జారి కింద పడబోతే పట్టుకోవాలా?

పడనివ్వండి. ఈ కాలపు మంచి గన్‌లు పడితే పేలకుండా తయారవుతాయి. గాలిలో పట్టుకోబోతే వేలు ట్రిగ్గర్ మీద పడుతుంది.

వంగినప్పుడు చొక్కా లేచి ఎవరో చూశారు. కేసు అవుతుందా?

టెక్సాస్‌లో పొరపాటున కనబడటం నేరం కాదు. భయపెట్టాలని చూపించడం నేరం. పార్కింగ్ గొడవలో చొక్కా పక్కకి జరిపి చూపించడం లాంటిది ఎన్నడూ చేయకండి. గ్రీన్‌కార్డ్ వాళ్ళకి గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే దాకా రావచ్చు. తాగిన రోజు కూడా గన్ ముట్టుకోవద్దు, మత్తులో గన్‌తో తిరగడం లైసెన్స్ ఉన్నా నేరమే.

పోలీసు కారు ఆపితే?

రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి, లోపలి లైటు వేయండి. ఐడీ అడిగితే డ్రైవర్ లైసెన్స్‌తో పాటు లైసెన్స్ టు క్యారీ కూడా ఇవ్వాలి. గన్ ఎక్కడుందో మాటతో చెప్పండి, చేత్తో చూపించకండి. సీట్‌బెల్ట్ తీయాలన్నా, జేబులో చెయ్యి పెట్టాలన్నా ముందు అడగండి.

## ఇంటికొచ్చాక, ఊరెళ్ళేటప్పుడు

ఇంటికి రాగానే ఎక్కడ పెట్టాలి? పిల్లలున్నారు, ఇండియా నుంచి అమ్మానాన్న కూడా వచ్చారు.

హోల్‌స్టర్‌తో సహా విప్పి, అలాగే చిన్న సేఫ్‌లో పెట్టి తాళం వేయండి. రోజూ గన్‌ని హోల్‌స్టర్‌లో నుంచి తీసి మళ్ళీ దూర్చడం తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది. అల్మరా పైన, బియ్యం డబ్బా వెనక, చీరల మడతల్లో దాచడం భద్రత కాదు. మన పిల్లలకి దాచిన లడ్డూలన్నీ దొరుకుతాయి, ఇదీ దొరుకుతుంది. 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా గన్ వదిలేస్తే టెక్సాస్‌లో తల్లిదండ్రుల మీద కేసు. ఇక విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నకి ఆ గన్ మీద ఎలాంటి అధికారం ఉండకూడదు. సేఫ్ నంబర్ వాళ్ళకి చెప్పొద్దు, చేతికివ్వొద్దు, దానితో ఫొటో దిగొద్దు. హెచ్-4 మీద ఉన్న భార్యకైనా భర్తకైనా ఇదే మాట.

లోపలికి తీసుకెళ్ళకూడని చోటికి వెళ్తే కారులో వదలొచ్చా?

తప్పనప్పుడు మాత్రమే. కారుకి కేబుల్‌తో కట్టిన చిన్న లాక్ బాక్స్‌లో, హోల్‌స్టర్‌తో సహా పెట్టండి. ఆ పని ఇంటి దగ్గరే చేసుకుని రండి, ఆ పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా కాదు. గ్లవ్ బాక్స్, సీటు కింద చోటు దొంగలు మొదట వెతికేవి. రాత్రంతా కారులో ఎప్పుడూ వదలకండి.

రోజూ వాడే బ్యాగ్‌తోనే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తాను. ఇండియా ప్రయాణంలో ఏం చూసుకోవాలి?

గన్‌కి ఒకసారైనా వాడిన బ్యాగ్, ఫ్యానీ ప్యాక్, రేంజ్‌కి వేసుకెళ్ళిన జాకెట్, వీటిలో ఏదీ విమానంలోకి రాకూడదు. 2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దగ్గర చేతిబ్యాగుల్లో 6,737 గన్‌లు దొరికాయి. వాళ్ళలో ఎక్కువమంది చెప్పిన కారణం ఒకటే, మరచిపోయామని. అమెరికా లోపల ప్రయాణమైతే ఖాళీ గన్‌ని తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి, చెక్ ఇన్ లగేజీలో పంపొచ్చు. దిగే ఊరి చట్టం ముందే చూసుకోవాలి. ఇండియాకి మాత్రం గన్ మాటే వద్దు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా ఒక్క తూటా బ్యాగ్ మూలన దొరికినా శంషాబాద్‌లో పోలీసు కేసు అవుతుంది, పెళ్ళికొచ్చినవాళ్ళు కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ప్రయాణానికి ముందు రోజు పగటి వెలుతురులో ప్రతి జేబూ బయటికి తిప్పి దులపండి, పిల్లల బ్యాగులు కూడా.